ఊపిరికి సాక్ష్యము: కాకినాడ నుండి ఋషికొండ దాక

కాకినాడను చూడబోవువారు సాధారణముగా రేవును, ఉప్పాడ తీరమును, కోరంగి మడ అడవులను దర్శించి, గొట్టము కాజాల పొట్లములు కట్టించుకొని తిరుగుముఖము పట్టుదురు. నేను మాత్రము ఈసారి ఆ మార్గమును విడిచి, మొట్టమొదట రంగరాయ వైద్య కళాశాల ప్రాంగణమున అడుగుపెట్టితిని. మనుష్యుడు పీల్చెడి గాలి యొక్క శుద్ధాశుద్ధతలను నిర్ణయించు విద్యను గూర్చి తెలిసికొనుటకై బయలుదేరినవానికి ఆంధ్రదేశమున ఇంతకన్న తగిన ప్రారంభస్థానము లేదని నా నమ్మకము. ఏలయన, తన దేహమునే వాయుపరీక్షకు పరికరముగా వినియోగించిన జె. బి. ఎస్. హాల్డేన్ మహాశయుడు 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరములో కన్నుమూసిన పిమ్మట, ఆయన కోరిక ననుసరించి, ఆయన భౌతికకాయము విద్యార్థుల అధ్యయనార్థము ఈ కళాశాలకే చేరినది.

హాల్డేన్ పేరు వినినంతనే జన్యుశాస్త్రమును తలచుకొనుట లోకమునకు అలవాటు. 1957లో ఆయన ఇంగ్లండును విడిచి కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చుటయు, తరువాత భువనేశ్వరమున స్థిరపడుటయు, భారత పౌరసత్వమును స్వీకరించుటయు, మన పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు శిష్యుడగుటయు పలువురెఱిగిన విషయములే. కాని ఆయన బాల్యము గడచినది జన్యువుల నడుమ కాదు, గాలి నడుమ. ఆయన తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి ఆ కాలమున అందరికన్న ఎక్కువ తెలిసిన శాస్త్రజ్ఞుడు. 1896లో వేల్సు దేశమందలి టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించినపుడు ఆయన అచ్చటికి పోయి మృతదేహములను పరీక్షించి, పనివారిలో అత్యధికులు ప్రేలుడు దెబ్బకు గాక, దాని వెన్నంటి వ్యాపించిన కార్బన్ మోనాక్సైడు వాయువును పీల్చి మరణించిరని నిర్ధారించెను. రంగు గాని, రుచి గాని, వాసన గాని లేని ఆ వాయువును మన రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకన్న రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును, పట్టుకొని విడువదు, అందుచేత గాలిలో అది అత్యల్పముగా నున్నను క్రమక్రమముగా రక్తమును ఆక్రమించును. ఈ సంగతి ఎట్లు తెలిసినది? పెద్ద హాల్డేన్ తన ప్రయోగశాలలో కూర్చుండి, ఆ వాయువును తానే పీల్చి, తన రక్తములో సగమునకు పైగా దానితో నిండువఱకు, కాళ్లు తడబడి చూపు మందగించువఱకు, తన అవస్థను గడియగడియకు వ్రాసికొనుటచేత తెలిసినది.

తండ్రి విద్య కొడుకునకు పసితనముననే అబ్బినది. ఒకనాడు గనిలో తండ్రి ఆ బాలుని నిలువబెట్టి, షేక్స్‌పియరు నాటకములోని ఆంటొనీ ప్రసంగమును వల్లింపుమనెను. పైకప్పు దాపున మీథేను నిండియున్న ఆ తావున బాలుడు కొంత వల్లించులోపలనే ఊపిరందక కూలబడెను. నేలమట్టమున గాలి మంచిదగుటచేత తెప్పరిల్లెను. మీథేను గాలికన్న తేలికయని ఆ బాలునకు పుస్తకము చెప్పలేదు, తన దేహమే చెప్పినది. ఇట్టి శిక్షణమును పొందిన ఆయన 1939 జూన్ 1వ తేదీన లివర్‌పూల్ అఖాతములో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించినపుడు, అందలి పనివారి సంఘముల తరఫున కారణాన్వేషణకు పూనుకొని, నలుగురు సహచరులతో ఒక ఇనుప గదిలో 14 గంటలకు పైగా మూయబడి, తాము విడిచిన గాలినే తాము మరల మరల పీల్చుచు, కార్బన్ డయాక్సైడు పెరిగిన కొలది మనుష్యుని బుద్ధియు, చేతియు ఎట్లు వశము తప్పునో స్వయముగా అనుభవించెను.

ఈ చరిత్ర నన్నెంత ఆకర్షించునో అంత బాధించును. గాలిని గూర్చిన సత్యము మనకు తెలియుటకు ఎవరో ఒకరి దేహము తల్లడిల్లవలసి వచ్చినది: శాస్త్రజ్ఞునిదో, గని పనివానిదో, కాకున్న పంజరములోని పిట్టదో. గనులలోనికి కెనరీ పిట్టలను తీసికొనిపోవు పద్ధతిని ప్రబోధించినవాడును పెద్ద హాల్డేనే. చిన్న దేహము, వడిగల ఊపిరి. మనుష్యునికి తల తిరుగుటకు ముందే పిట్ట కొయ్యపై నుండి వ్రాలిపోవును. బ్రిటిష్ గనులలో ఈ ఆచారము 1986 దాక సాగినది. ప్రాణిని సాక్ష్యమునకు పిలువకుండ, ప్రాణవాయువునే ప్రశ్నించి సమాధానము రాబట్టు ఉపాయము మానవుని కెన్నడు చేజిక్కినదన్నదే నా యాత్రకు విషయము. ఆ ఉపాయము గ్యాస్ క్రొమటోగ్రాఫ్.

కాకినాడలో రైలెక్కి సామర్లకోట, పిఠాపురము దాటి అన్నవరము చేరునప్పటికి ప్రొద్దెక్కినది. కిటికీలోనుండి రత్నగిరి కనబడగానే బండిలోని వారందఱు చేతులు జోడించిరి. ఆ కొండ మెట్లను తలచుకొన్నపుడు క్రొమటోగ్రాఫ్ చేయు పని నాకు సుబోధమైనది. కొండ దిగువన తొలిపావంచా యొద్ద ఒకేసారి బయలుదేరిన జనసమూహములో, ఎచ్చటను ఆగని కుఱ్ఱవాడు మొదట పైకి చేరును. నీడ దొరికిన చోటనెల్ల కూర్చుండు వృద్ధుడు అటుపిమ్మట చేరును. మెట్టు మెట్టునకు పసుపు రాచి కుంకుమ పెట్టు ముత్తైదువ అందఱకన్న చివర చేరును. కలిసి బయలుదేరినవారు విడివిడిగా చేరుదురు. ఎవరెప్పుడు చేరుదురో ముందుగా తెలిసియున్నచో, పైన నిలుచున్నవాడు ముఖము చూడకయే మనుష్యుని గుర్తింపవచ్చును. క్రొమటోగ్రాఫ్‌లో ఆ మెట్లదారి ఒక సన్నని గొట్టము. దానిలో కొన్ని వాయువులను ఎక్కువగాను, కొన్నింటిని తక్కువగాను పట్టి నిలుపు పదార్థము కూరియుందురు. హీలియము వంటి నిర్లిప్త వాయువు ఆ గొట్టములో నిరంతరము ప్రవహించుచుండును. పరీక్షింపవలసిన గాలిని దాని మొదట ప్రవేశపెట్టినచో, ఆ ప్రవాహమున కొట్టుకొని పోవుచు, దారిలో ఆగి ఆగి పోవుచు, గాలియందలి ఒక్కొక్క భాగము తన తన వేళకు రెండవ కొనకు చేరును.

ఇది ఒక్కనాట పుట్టిన విద్య కాదు. 1903లో వార్సా నగరమున మిఖాయిల్ త్స్వెత్ అను రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు ఆకుల రంగులను సుద్దపొడి నింపిన గాజుగొట్టములో విడదీసి చూపెను. ఆ తరువాత చాలకాలము దాని నెవ్వరు పెద్దగా పట్టించుకొనలేదు. 1941లో ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్ అను ఇరువురు ఆంగ్ల శాస్త్రజ్ఞులు తమ పత్రమున, ప్రవహించునది ద్రవమే కానక్కరలేదు, వాయువైనను కావచ్చునని ఒక మాట వ్రాసి విడిచిరి. పదునొకండు సంవత్సరములు ఆ మాట నెవ్వరును అందుకొనకపోగా, 1952లో మార్టిన్ తానే ఆంథొనీ జేమ్స్‌తో కలిసి దానిని ఆచరణలో పెట్టెను. అదే యేట మార్టిన్, సింజ్‌లకు నోబెల్ బహుమానము కూడ లభించినది, పూర్వపు కృషికై. అచ్చయిన ఒక వాక్యము అన్ని యేండ్లు అందఱి కన్నుల ముందుండియు చదువరి కొఱకు వేచియుండుట శాస్త్రచరిత్రలో నన్ను కలచివేయు ఘట్టములలో ఒకటి.

తుని దాటిన తరువాత పొలముల నడుమ పాతబడిన దిగుడుబావులు కనబడినవి. మన పల్లెలలో చాలకాలము వాడని బావిలోనికి దిగవలసి వచ్చినపుడు, ముందుగా లాంతరును త్రాటికి కట్టి దింపెడి ఆచారము పెద్దలందఱికి తెలిసినదే. దీపము ఆరినచో మనుష్యుడు దిగరాదు. ఇది మంచి ఆచారమే. ఎన్నియో ప్రాణములను కాపాడినది. కాని దీపము చెప్పునది ప్రాణవాయువు లేమిని మాత్రమే. కార్బన్ మోనాక్సైడు మనుష్యుని చంపునంత యున్నను దీపము నిశ్చలముగా వెలుగుచునే యుండును.

అనకాపల్లి బెల్లపు వాసన, దువ్వాడ జనసమ్మర్దము గడచి బండి గోపాలపట్టణమును సమీపించినపుడు ఎదుటి బెంచీమీది వృద్ధురాలు కొండవైపు చేయి చూపి, "అదేనమ్మా వెంకటాపురం" అని మనుమరాలితో మెల్లగా చెప్పినది. 2020 మే 7వ తేదీన తెల్లవారక మునుపే అచ్చటి కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి ఇండ్లలో నిద్రించువారిపై వ్యాపించినది. పన్నెండుగురు మరణించిరి, వందలకొలది ఆసుపత్రుల పాలైరి. స్టైరీనుకు వాసన కలదు. అత్యల్ప పరిమాణమున నున్నపుడే ముక్కునకు తెలియును. అయినను నిద్రించువాని ముక్కు అతనిని కాపాడజాలకపోయెను. అట్టి ఆవిరిని లెక్కించు పద్ధతి ఇదే విద్యలోనిది: గాలిని సన్నని బొగ్గుపొడి గొట్టము గుండ లాగి, బొగ్గు పట్టుకొనినదానిని ద్రావకముతో కడిగి, ఆ కడుగును క్రొమటోగ్రాఫ్‌కు ఒప్పగింతురు. బండి ఆ తావున ఆగలేదు. పెట్టెలోనివారు చాలసేపు మాటలాడలేదు.

విశాఖపట్టణము చేరిన సాయంత్రమే సముద్రపు ఒడ్డునకు పోయి కుర్సురా జలాంతర్గామిని చూచితిని. సోవియట్ దేశమున నిర్మితమై 1969లో మన నౌకాదళమున చేరి, 2001లో సేవ ముగించి, మరుసటి సంవత్సరము నుండి ఇసుకపై ప్రదర్శనశాలయై నిలిచిన ఈ నౌక పొడవు 91 మీటర్లకు కొంచెము పైగా నుండును. లోపల గుండ్రని ఇనుపద్వారముల గుండ వంగి దూఱి పోవలెను. గొట్టములు, మీటలు, చక్రములు, ఒకదానిపై నొకటిగా పడుకలు. ఇంతటి యిరుకున డెబ్బదిమందికి పైగా మనుష్యులు నీటిక్రింద దినములు గడపిరన్న ఊహయే ఊపిరిని బిగబట్టించును. ఇచ్చటి గాలి వచ్చునది గాని పోవునది గాని కాదు, ఉన్నదే ఉన్నది. వంటగది ఆవిరి, యంత్రపు నూనె, బ్యాటరీలనుండి వెలువడు ఉదజని, ఒకరు విడిచిన నిశ్వాసము, అన్నియు అందులోనే. థెటిస్ నౌకలోనివారి తుదిగడియలను నేనిచ్చట తలచుకొంటిని. వారిని హరించినది నీరు కాదు, తమ నిశ్వాసమే. చూడవచ్చిన పిల్లలు పెరిస్కోపు చుట్టు మూగి కేరింతలు కొట్టుచుండగా, నేను గోడ వెంబడి పోయిన గాలి గొట్టములనే చూచుచు బయటికి వచ్చితిని.

మఱునాడు ఋషికొండ. ఎఱ్ఱని దిబ్బ వంటి కొండ, దాని పాదమున బంగారు వన్నె ఇసుక, ఆవల నీలిమ తప్ప మఱేమియు లేని సముద్రము. ఇచ్చట నీటి అడుగు శిలలను, చేపలను చూడగోరు యాత్రికులను సిలిండర్లతో సముద్రములోనికి దింపు వ్యాపారము కొంతకాలముగా సాగుచున్నది. నేను వెదకి పోయినది సముద్రమును కాదు. ఒడ్డుననున్న రేకులపాకలో గాలిని నింపెడి కంప్రెసరును. దానిని నడపువాడు నడివయస్సు దాటిన జాలరి; చిన్ననాట తెప్పపై వేటకు పోయినవాడు, ఇపుడు ఈ యంత్రమునకు కాపరి. పెట్రోలు ఇంజను ఒక ప్రక్క, దానిచే త్రిప్పబడు కంప్రెసరు మఱియొక ప్రక్క, వడపోత స్తంభము దానిని ఆనుకొని, గాలిని పీల్చు రబ్బరు గొట్టము ఒక వెదురుగడకు కట్టబడి సముద్రము వైపు సాచియున్నది. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణ పీడనముల ఒత్తిడిని నింపినచో 2,400 లీటర్ల గాలి అందులో ఇమిడియుండును. నీటిక్రింద ఒకని ఆయువు దాదాపు అరగంటసేపు ఆ ఇనుపకుండలో నుండునన్న మాట.

"గాలి మంచిదో కాదో నీకెట్లు తెలియును?" అని అడిగితిని.

"వాసనేటీ రాదు బాబూ. నోట్లో నూని రుసీ ఉండదు. రుసి వొచ్చిందంటే ఫిల్టరు మార్చీమంటారు," అనెను.

అతడు చెప్పినది అబద్ధము కాదు. నూనె విషయమున అతని నాలుక నమ్మదగినదే. కాని నేను కాకినాడనుండి మోసికొని వచ్చిన భయము వేఱు. నీటి అడుగున 30 మీటర్ల లోతున పీడనము ఉపరితలముననున్నదానికి నాలుగు రెట్లగును. పదిలక్షల పాళ్లలో పది పాళ్లు కార్బన్ మోనాక్సైడు గల గాలి, ఆ లోతున పీల్చువానికి నలుబది పాళ్లు గల గాలితో సమానమగును. అంతకన్న వంచన మఱియొకటి కలదు. ఆ లోతున ప్రాణవాయువు పీడనమును నాలుగింతలై, రక్తద్రవములో అదనముగా కరిగి, హీమోగ్లోబిన్ లోటును కొంత పూరించును గనుక, మనుష్యునకు బాధ తోచదు. అతడు సుఖముగా చేపలను చూచి, సమయము ముగియగానే పైకి లేచును. పైకి వచ్చిన కొలది ప్రాణవాయువు పీడనము తగ్గును. రక్తమును పట్టిన విషము మాత్రము విడువదు. వెలుతురు కనబడు చోటికి వచ్చిన తరువాత స్పృహ తప్పును.

జాలరి నా మాటలను శ్రద్ధగా వినెను. నా మాటను నమ్మెనో లేదో గాని, పరీక్షకు గాలిని ఇచ్చుటకు సందేహింపలేదు. ముందటి మధ్యాహ్నము నింపినదొకటి, ఆ ఉదయము చీకటితో నింపినదొకటి, రెండు సిలిండర్లను వేఱుచేసి, సుద్దముక్కతో గుర్తులు పెట్టి నా వెంట ఆటోలో ఎక్కించెను.

పరీక్షాశాల గాజువాక వైపు, కర్మాగారముల నడుమనున్న ఒక మేడపై నుండెను. దానిని నిర్వహించు రసాయనశాస్త్రజ్ఞురాలు నా పూర్వ మిత్రుని కుమార్తె. నన్ను మాస్టారూ అని పిలుచును. ఆమె మొదట చేసిన పని నన్ను ఆశ్చర్యపఱచినది: సిలిండరు మూతిని రవ్వంత తెఱచి, గాలిని అరచేతితో ముక్కువైపు విసరుకొని వాసన చూచెను. ప్రమాణ గ్రంథములు నేటికిని ఈ పరీక్షను విడువలేదట; వాసన గల గాలి, లెక్కలన్నియు సరిపోయినను, తిరస్కరింపదగినదే. "వాసన లేదండీ. అంటే ఇంకా ఏమీ తెలియలేదన్నమాట," అని ఆమె నవ్వకయే అనెను.

యంత్రము బీరువాలో సగమంత యుండును. తలుపు తెఱచి చూపినది: వెచ్చని పొయ్యిగదిలో, చుట్టలు చుట్టిన ఉక్కుగొట్టములు రెండు. ఒకదానిలో అణుజల్లెడ యను ఖనిజపు రవ్వలు కలవు. వాని రంధ్రములు అణువుల పరిమాణము గలవి. ప్రాణవాయువు, నత్రజని, మీథేను, కార్బన్ మోనాక్సైడు అందులో ఈ వరుసనే విడివడి వచ్చును. అయితే కార్బన్ డయాక్సైడును ఆ జల్లెడ పట్టుకొని సామాన్యమైన వేడిమికి విడువనే విడువదు. గొట్టము క్రమముగా పాడగును. అందుచేత దానికై రంధ్రములు గల ప్లాస్టికు గుండ్లతో నింపిన రెండవ గొట్టమును పెట్టి, నడుమ ఒక మీటను త్రిప్పి, దేనిని ఏ దారిన పంపవలెనో దానిని ఆ దారిన పంపుదురు. ఈ త్రిప్పుట క్షణకాలము ముందు వెనుకలైనను లెక్క తప్పును.

చేరినవారిని గుర్తించు కాపరులును ఇద్దఱు. ప్రాణవాయువు, నత్రజని వంటి పెద్ద భాగములకు వేడి తీగ చాలును: హీలియము వేడిమిని గాలికన్న సుమారు ఆఱు రెట్లు వేగముగా తీసికొనిపోవును గనుక, మఱొక వాయువు తీగను తాకగానే తీగ వేడెక్కి, విద్యుత్తునకు దాని నిరోధము మాఱును. కాని పదిలక్షలలో రెండు మూడు పాళ్లనుండు కార్బన్ మోనాక్సైడును పట్టుటకు ఈ తీగ చాలదు. రెండవది ఉదజని జ్వాల. కర్బన సమ్మేళనములు ఆ జ్వాలలో కాలినపుడు విద్యుదావేశము గల కణములు పుట్టును, వానిని లెక్కింతురు. చిక్కేమనగా కార్బన్ మోనాక్సైడును, డయాక్సైడును ఆ జ్వాలకు కానరావు. అందుకు శాస్త్రజ్ఞులు పన్నిన ఉపాయము నాకు అత్యంత సుందరముగా తోచినది. జ్వాలకు ముందు, సుమారు 350 డిగ్రీల వేడిమిగల నికెల్ పొడిమీదుగా ఉదజనితో కలిపి పంపినచో ఆ రెండును మీథేనుగా మాఱును. మీథేనును జ్వాల చక్కగా గుర్తించును. దేనిని చూడజాలమో దానిని చూడదగిన రూపమునకు మార్చి, ఎన్ని గడియలకు వచ్చినదో ఆ వేళనుబట్టి దాని అసలు పేరును చెప్పుట!

జ్వాల కంటికి కనబడదు. అది వెలిగినదో లేదో తెలిసికొనుటకు ఆమె ఒక మెఱుగుపెట్టిన పానాను దాని పొగగొట్టము పైన పట్టినది. క్షణములో లోహముపై సన్నని తేమ క్రమ్మినది. ఉదజని మండిన చోట నీరు పుట్టవలెను గదా. అంతటి సూక్ష్మయంత్రము ప్రక్కన ఈ పానా పరీక్షను చూచి నాకు పరమానందమైనది.

మొదట ప్రమాణవాయువు: పదిలక్షలలో పది పాళ్లు కార్బన్ మోనాక్సైడు గలదని ధ్రువీకరింపబడిన సిలిండరునుండి తీసినది. మీట తిరిగినది, గొట్టములో చిన్న ఊపిరి విడిచిన చప్పుడైనది, తెఱపై గీత సమతలముగా సాగి, ఒక్కొక్క వాయువు చేరగానే శిఖరమై లేచి మరల దిగినది. అటుపిమ్మట ఋషికొండ మధ్యాహ్నపు గాలి. ప్రాణవాయువు శిఖరము లేచినది. అందులో ఆర్గాను కూడ కలిసియుండునని ఆమె చెప్పినది. ఈ జల్లెడలో అవి రెండును విడివడవు. గాలిలో ఆర్గాను నూటికి 0.93 అని తెలిసినదే గనుక దానిని తీసివేయుదురు. తీసివేయనిచో ప్రాణవాయువు సుమారు 21.9 అని తప్పుగా కనబడును. నత్రజని పెద్ద కొండయై లేచి దిగినది. తరువాత మీథేను, చిన్న మిట్ట. "ఇది ఎక్కడి గాలి తెచ్చినా వస్తుంది మాస్టారూ. పదిలక్షలలో దాదాపు రెండు పాళ్లు. ఇది రాకపోతే గాలిని కాదు, నా యంత్రాన్ని అనుమానిస్తాను." లోకమందలి వరిమళ్లు, పశువుల మందలు, చిత్తడినేలలు, చమురుబావులు విడిచిన ఊపిరి అది. మీథేను తరువాత కార్బన్ మోనాక్సైడు రావలసిన వేళ వచ్చినది. గీత ఇంచుక ఉబ్బి తగ్గినది, ఒకటికి మించదు.

కార్బన్ డయాక్సైడు లెక్కను చూచి ఆమె కొంత ఆలోచనలో పడెను. ఐరోపా ప్రమాణము ప్రకారము పీల్చు గాలిలో అది పదిలక్షలలో 500 పాళ్లకు మించరాదు. కార్బన్ మోనాక్సైడు 5కు, నూనె ఘనమీటరునకు అర మిల్లీగ్రామునకు మించరాదు. ఐదువందల హద్దు 1998 నాటి ప్రమాణములోనే యున్నది. ఆనాడు లోకమందలి స్వచ్ఛమైన గాలిలో సుమారు 366 పాళ్లుండెను. నేడది 420 దాటినది. వడపోయని ఆకాశమే హద్దునకు చేరువగుచున్నది! అమెరికావారి ప్రమాణము 1,000 పాళ్ల దాక సహించును. కార్బన్ మోనాక్సైడును 10 దాక సహించును. ఈ రెండవ ఉదారతను నేను అంగీకరింపజాలను. ముప్పది మీటర్ల లోతున ఆ పది ఏమగునో పైన వ్రాసియుంటిని.

తరువాత చీకటితో నింపిన సిలిండరు. ప్రాణవాయువు, నత్రజని, మీథేను యథాపూర్వముగా వచ్చినవి. మీథేను దిగిన పిమ్మట సమతలమున సాగవలసిన గీత లేచినది; లేచి, ప్రమాణవాయువు గీచిన శిఖరముకన్న ఎత్తునకు పోయి, మెల్లగా దిగినది. ఆమె మాటలాడక మీటను త్రిప్పి మరల నడిపినది, మరల అంతే. మూడవసారియు అంతే. "పది కన్నా ఎక్కువండీ," అని చెప్పి, సిలిండరు మెడకు ఎఱ్ఱచీటి కట్టినది. ఒకే యంత్రము, ఒకే వడపోత, ఒకే నూనె. మధ్యాహ్నపు గాలి నిర్దోషము, వేకువ గాలి విషము. ఇందులకు కారణమును క్రొమటోగ్రాఫ్ చెప్పదు. నూనె బిందువులను, తేమను కూడ అది చెప్పదు. వానికి వేఱు పరీక్షలు కలవు, ఆమె వానిని కూడ చేసినది. నూనె హద్దులోనే యున్నది. తేమ మాత్రము హద్దును మించియుండెను.

కాగితములు తీసికొని మేమిద్దఱము ఋషికొండకు పోతిమి. జాలరి శిఖరముల బొమ్మను రెండు చేతులతో పట్టుకొని, ఏది ఏ పూటదో అడిగి తెలిసికొని, కొంతసేపు కంప్రెసరును, సముద్రమును మార్చి మార్చి చూచెను.

"తెల్లారగట్ట గాలి నేలమీంచి సంద్రానికి పోతాది గదమ్మా," అనెను. "ఆ గాలికే మేం తెప్పలెత్తుకెళ్లీవోళ్లం. పొద్దెక్కితే సంద్రంమీంచి వస్తాది. ఇంజను రోడ్డుకేసుంది. గొట్టం సంద్రంకేసుంది. మద్దేనం పొగ రోడ్డు మీదకి పోతాది. ఏకువజామున పొగంతా గొట్టంలోకే."

ఆమె అతనివైపు చూచిన చూపులో గౌరవము తొణికిసలాడినది. యంత్రము చెప్పలేని కారణమును తరతరముల వేటగాండ్ర జ్ఞానము ఒక్క మాటలో తేల్చినది. ఆ జ్ఞానము తనంతట కనిపెట్టలేని విషమును యంత్రము గీచి చూపినది. అయినను ఒక శంక మిగిలినది. వడపోత స్తంభములో కార్బన్ మోనాక్సైడును డయాక్సైడుగా మార్చు హాప్కలైట్ అను మాంగనీసు, రాగి ఆక్సైడుల మిశ్రమము కలదు. అది యేల పనిచేయలేదు? ఆమె స్తంభమును విప్పించెను. తేమను పీల్చు రవ్వలు సముద్రపు గాలి చెమ్మను త్రాగి త్రాగి ఏనాడో నిండిపోయినవి. వానిని దాటిన తడి హాప్కలైట్‌ను చేరినది. తడిసిన హాప్కలైట్ పనికిరాదు. తేమ లెక్క హద్దు మించుటకు కారణమును అదే. దుకాణపు యువకుడు, ఫిల్టరు ఇంకను కొన్ని గంటలు నడువవలసియున్నదని పుస్తకము చూపెను. ఆ గంటల లెక్క పొడి దేశములకు కట్టినదని, తీరమున అంత నమ్మరాదని ఆమె ఓపికగా వివరించెను.

ఆ సాయంత్రమునకు చీకటితో నింపిన సిలిండర్లన్నియు ఖాళీ చేయబడినవి. ఇంజను పొగగొట్టమునకు పొడవైన ఇనుపగొట్టము తగిలించి దక్షిణమునకు మరలించిరి. గాలి గొట్టమును ఉత్తరపు అంచున ఎత్తైన కొయ్యకు కట్టిరి. వడపోత రవ్వలన్నియు మార్చిరి. మరల పరీక్షకు గాలి పట్టవలసినపుడు యువకుడు మధ్యాహ్నమే పట్టుదమనగా, జాలరి ఒప్పుకొనలేదు. "మంచి గాల్లో పట్టి పంపితే ఏటి తెలుస్తాది? ఏకువజామునే పడతాను," అనెను. మఱునాటి ఉదయము పరీక్షాశాలకు వచ్చిన సిలిండరు మెడకు అతడు కట్టించిన చీటిలో తేదీ, వేళ, ఇంజను నడచిన గంటలతో పాటు, గాలి ఏ దిక్కునుండి వీచినదో కూడ వ్రాసియుండెను. పరీక్షాశాల నమోదు పత్రములో అట్టి గడి లేదు. ఆమె గీతబద్ద తీసికొని, మిగిలిన పత్రములన్నింటియందును గాలి దిక్కునకొక గడి గీయుట మొదలుపెట్టినది.